పెంబర్తి రేకు పని

పెంబర్తి లోహకళ ఇత్తడి, రాగి రేకులను చేత్తో కొట్టి ఉబ్బెత్తు రూపాలు తేల్చే పని. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, జనగామకు దగ్గరలో ఉన్న పెంబర్తిలో విశ్వకర్మ కుటుంబాలు దీన్ని తరతరాలుగా చేస్తున్నాయి. ఇక్కడ కుటుంబమే కార్ఖానా. పిల్లలు పెద్దల పక్కన కూర్చుని సుత్తి పట్టడం నేర్చుకుంటారు.

ఈ పనికి మూలం కాకతీయుల ఆదరణ అని చెబుతారు. గుళ్లకు, రథాలకు లోహపు తొడుగులు కావలసి వచ్చిన కాలం అది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆ ఆదరణ సన్నగిల్లింది. నిజాం పాలనలో మళ్లీ గిరాకీ వచ్చింది కానీ వస్తువులు మారాయి. పాన్‌దాన్లు, అత్తరు పాత్రలు, గోడకు వేలాడే అలంకార ఫలకాలు ఇదే చేతివాటంతో తయారయ్యాయి.

పనితనమంతా లక్కలో ఉంది. రేకును కొలతకు కత్తిరించి, నమూనా గీసి, లక్క పరిచిన పలక మీద వేడిచేసి అతికిస్తారు. గట్టి దాగలి మీద కొడితే రేకు సాగి పలచబడుతుందే తప్ప రూపం తేలదు. లక్క అలా కాదు: రేకును కదలకుండా పట్టి ఉంచుతుంది, దెబ్బ పడినచోట మాత్రం లోపలికి ఒదుగుతుంది. ముందు వెనుకవైపు నుంచి మొద్దు ఉలులతో కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. తర్వాత వేడిచేసి ఊడదీసి, తిప్పి అతికించి, ముందువైపు నుంచి సన్న ఉలులతో కన్ను, ఈక, తీగ, గొలుసు తీరుస్తారు. ఈ రెండో దశలోనే పనివాడి అంతస్తు తెలుస్తుంది.

ఇత్తడి దెబ్బలు తిన్నకొద్దీ బిరుసెక్కుతుంది. అందుకే మధ్యమధ్య రేకును ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. ఆ ఓపిక లేకపోతే పగులుతుంది. రాగిలో కలిపే జింకు పాలు 35 శాతం దాటినకొద్దీ చల్లని రేకు సుత్తికి లొంగడం తగ్గుతుంది కనుక, రేకు ఎంపిక కూడా పనిలో భాగమే.

ఇలా తేలిన రేకులను కొయ్య మీద తాపడం చేస్తారు. గరుడ, శేష, హనుమ వాహనాలు, మకర తోరణాలు, గర్భగుడి తలుపులు, ధ్వజస్తంభపు తొడుగులు ఈ పద్ధతిలోనివే. అదే కొలతలో పోతపోసిన వాహనమైతే భుజాల మీద ఊరేగించడం అసాధ్యం. రేకుతో బరువు తగ్గుతుంది, మెరుపు తగ్గదు. 1886లో న్యూయార్క్‌లో ఆవిష్కరించిన స్వేచ్ఛా ప్రతిమ పై తొడుగు కూడా కొట్టి మలిచిన రాగి రేకే. దాని మందం 2.4 మిల్లీమీటర్లు. లోపల మోసేది ఇనుప చట్రం.

అచ్చు యంత్రాలు వచ్చాక చిన్న వస్తువుల్లో పోటీ పెరిగింది. దీపపు సెమ్మెలూ పళ్లేలూ యంత్రం వేల సంఖ్యలో దించగలదు. ధ్వజస్తంభం సంగతి వేరు. ప్రతి ఊరి మాను ఎత్తు వేరు, చుట్టుకొలత వేరు, మీద చెక్కించుకునే దేవుడు వేరు. ఒక్క గుడి కోసం అచ్చు చేయించడం గిట్టదు. పెంబర్తికి బలం ఇదే. ప్రభుత్వ ప్రోత్సాహమూ, ఎంపోరియాల అమ్మకాలూ మేలు చేసినా, పెద్ద పనులిచ్చి ఈ కుటుంబాలను నిలబెట్టగలిగేది దేవాలయాలే.

పెంబర్తి లోహకళకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు రక్షించేది పేరును మాత్రమే. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. పని రక్షణ మాత్రం కొనేవారి చేతిలో ఉంది. సత్తుపల్లి, భద్రాచలం వైపు కొత్తగా ధ్వజస్తంభం నిలుపుకొనే ఊళ్లవారు తొడుగుకు బేరం కుదుర్చుకునే ముందు, అది అచ్చు రేకా, చేతి పనా అని అడగాలి. చేతి పనైతే ధర కొంత ఎక్కువైనా ఇవ్వాలి.