మోకాలు బాగుండి ఉంటే...

తెలుగులో 'ఉండి ఉంటే' అన్న మాటంత జాలిగా వినిపించే మాట ఇంకోటి లేదు. అంత మోసకారి మాటా ఇంకోటి లేదు. 'చదివించి ఉంటే కలెక్టరయ్యేది', 'ఒంట్లో బాగుండి ఉంటే ఆ పిల్ల సంగీతంలో ఎక్కడికో వెళ్ళేది' అని నిట్టూరుస్తాం. నిట్టూర్చడంతో మన బాధ్యత తీరిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషిని పక్కకి నెట్టి, లేని మనిషి మెడలో దండ వేస్తాం. అత్తకి మీసాలుంటే మామ అయ్యేదన్న సామెత పుట్టింది ఈ 'ఉంటే'ని చూసే కాబోలు.

ఈ 'ఉంటే'కి ఎంత పెద్ద రాజ్యం ఉందో తెలియాలంటే ఇంగ్లండులో ఫుట్‌బాలు అభిమానుల వాదనలు వినాలి. ఫుట్‌బాలుతో మనకేం పని అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో మన సంగతి కూడా ఉంది. నెమ్మదిగా అక్కడికే వస్తాను.

లండన్‌లో టోటెన్‌హామ్ హాట్‌స్పర్ అని ఒక క్లబ్బు. అభిమానులు ముద్దుగా స్పర్స్ అంటారు. ఆ క్లబ్బులో లెడ్లీ కింగ్ అని ఒక డిఫెండరు ఉండేవాడు. 1999లో పెద్ద టీములోకి వచ్చి, 2012లో ఆట మానేసేదాకా మరో క్లబ్బు గడప తొక్కలేదు. డిఫెండరంటే ఎవరో తెలియనివాళ్ళకి ఒక్క మాట. గోలు కొట్టేవాడు పెళ్ళికొడుకైతే, డిఫెండరు వంటశాలలో మనిషి. అంతా సవ్యంగా జరిగితే అతనెవరికీ గుర్తుండడు. పులుసులో ఉప్పెక్కువైతే మాత్రం పెళ్ళికొచ్చిన ప్రతివాడూ అతని గురించే మాట్లాడతాడు.

ఈ కింగ్‌కి ఒక మోకాలు మొరాయించింది. ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తలా ఉండే కార్టిలేజి అరిగిపోయింది. మేచి ఆడితే మోకాలు వాచేది. తగ్గడానికి రోజులు పట్టేది. చివరి సంవత్సరాల్లో తోటివాళ్ళు మైదానంలో సాధన చేస్తుంటే ఇతను ఈతకొలనులోనో, వ్యాయామశాలలోనో ఉండేవాడు. వారమంతా బంతితో సాధన లేకుండా, మేచినాడు సరాసరి దిగి ఆడేవాడు. కచేరీనాడు తప్ప వీణ ముట్టుకోని విద్వాంసుణ్ణి ఊహించుకోండి.

అభిమానులు రెండు పక్షాలయ్యారు. ఒక పక్షం, "మోకాలు బాగుండి ఉంటే జాన్ టెర్రీ, రియో ఫెర్డినాండ్ ఇతని తర్వాతే" అంటుంది. రెండో పక్షం, "మైదానంలో లేనివాడు ఎంత గొప్పవాడైతే ఏం లాభం? లెక్క చూడండి" అంటుంది. ఆటగాళ్ళు మారుతుంటారు, ఈ తగువు మాత్రం మారదు. ఏ క్లబ్బులో చూసినా ఇలాంటి డిఫెండరు ఒకడుంటాడు, అతని గాయాల చిట్టా నోటికొచ్చిన అభిమానులు నలుగురుంటారు.

నాకు ఈ రెండు పక్షాలూ నచ్చలేదు. ముందు లెక్కలవాళ్ళ సంగతి. లెక్క నిజమే. కింగ్ ఆడిన లీగు మేచీలు 268. మొదటి సీజన్నించి చివరిదాకా పధ్నాలుగు సీజన్లు. సీజనుకి 38 మేచీలుంటే, సగటున సగమే ఆడినట్టు. 2006 ప్రపంచ కప్పు పాదం ఎముక విరిగి పోయింది. 2010లో దక్షిణాఫ్రికా వెళ్తే, అమెరికాతో మొదటి మేచిలో సగం ఆట కాగానే గజ్జల్లో నొప్పితో బయటికొచ్చాడు. అతని ప్రపంచ కప్పు అంతా కలిపి నలభై అయిదు నిమిషాలు. జట్టు కూర్చుకునేవాడికి ఇది చిన్న చిక్కు కాదు. సగం రోజులు రాని మనిషి చోట ఇంకో మనిషిని పెట్టుకోవాలి, అతనికీ జీతమివ్వాలి. ఇంతవరకూ వాళ్ళతో పేచీ లేదు. కానీ హాజరు పట్టీ చూసి 'అంత గొప్పవాడు కాదులే' అన్నప్పుడే తప్పుతోవ పడతారు. ఎన్నిసార్లు వచ్చాడన్నది ఒక ప్రశ్న, వచ్చినప్పుడు ఏం చేశాడన్నది ఇంకో ప్రశ్న. ఒకదానికి తెలిసిన జవాబు రెండోదానికి అంటిస్తే అది విమర్శ కాదు, గుమాస్తాగిరీ.

మరి వచ్చినప్పుడు ఏం చేశాడు? 2004 యూరో పోటీల్లో, గాయపడ్డ టెర్రీ చోట ఇరవై మూడేళ్ళ కింగ్‌ని ఫ్రాన్సు మీదకి దింపారు. చూశారా చిత్రం! ఇతనికి చోటు దొరికింది కూడా ఇంకొకడి గాయంవల్లే. ఎదురుగా థియరీ ఆన్రీ. ఆఖరి నిమిషాల్లో జిదాన్ రెండు గోళ్ళు కొట్టడంతో ఇంగ్లండు ఓడింది గానీ, కింగ్ బెదరలేదు. 2006 నవంబరులో చెల్సీతో మేచి. ఆర్యెన్ రాబెన్ బంతితో గోలు మీదకి దూసుకుపోతున్నాడు. కింగ్ వెనకనించి పరిగెత్తి అందుకుని, ఫౌలు లేకుండా బంతి ఒక్కటే తీసుకున్నాడు. ఆ పని ఎంత కష్టమో చూసేవాళ్ళకి తెలియకపోవడమే అందులో గొప్ప. చొక్కా పట్టుకు లాగడం, కాలు అడ్డుపెట్టడం అతని పద్ధతి కాదు. మంచి గద్యంలాంటి ఆట అది, ఎక్కడా అరవదు.

2008 ఫిబ్రవరిలో వెంబ్లీలో లీగ్ కప్పు ఫైనలు. స్పర్స్ 2-1తో చెల్సీని గెలిచింది. కెప్టెను కింగ్. అతని పక్కన ఆడిన డిఫెండరు జొనాథన్ వుడ్‌గేట్. అతని గాయాల కథ ఇంకా పెద్దది. 2004లో రియల్ మాడ్రిడ్ కొనుక్కుంటే, మొదటి మేచి ఆడటానికి ఏడాది దాటింది. ఆడిన ఆ మొదటి మేచిలో సొంత గోలు కొట్టుకుని, బయటికి పంపించేయించుకున్నాడు కూడాను! ఆ వుడ్‌గేటే ఫైనల్లో అదనపు సమయంలో గెలుపు గోలు కొట్టాడు. పనికిరారన్న ఇద్దరూ కలిసి తెచ్చిన ఆ కప్పు తర్వాత, స్పర్స్‌కి మరో కప్పు దొరకడానికి 2025 దాకా పట్టింది. అంచేత 'ఉంటే'లు మనకెందుకు? జరిగిందే చాలు. జరిగినదాన్ని చూసి మెచ్చుకోవడం చేతకానివాళ్ళే జరగనిదాన్ని తలుచుకుని ఏడుస్తారు.

ఇక మొదటి పక్షం. వీళ్ళ అభిమానంలో నాకు కాస్త భయం కనిపిస్తుంది. 'ఒంటి మోకాలితో ఆడాడు, అదీ మగతనమంటే!' అన్న పొగడ్త వినగానే నాకు మన ఇళ్ళు గుర్తొస్తాయి. 'జ్వరంతోనే నలభై మందికి వండి వడ్డించింది, నోరెత్తి అబ్బా అనలేదు, మహాతల్లి!' ఈ మెప్పు వినని ఇల్లాలు ఉందా? వినడానికి తియ్యగానే ఉంటుంది. కానీ మర్నాడు ఎవరైనా కోడలు నడుంనొప్పని పడుకుంటే, ఆ మెప్పే కర్రయి ఆమె వీపుమీద పడుతుంది. నొప్పిని ఓర్చుకోవడం ఒక మనిషికి తప్పనిసరి అయిండొచ్చు. దాన్ని సద్గుణం చేసి అందరికీ కొలబద్దగా పెడితే మాత్రం అన్యాయం. కింగ్ గొప్పవాడయింది మోకాలి నొప్పివల్ల కాదు, నొప్పి ఉన్నా కూడా. ఈ రెండు మాటలకీ తేడా తెలియకపోతే, రేపు నొప్పని కూర్చున్న కుర్రాణ్ణి పిరికివాడంటాం.

మన హైదరాబాదు రహీమ్‌గారిని ఇక్కడ తలుచుకోవాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టుకి శిక్షకుడాయన. డిఫెండరు జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను ఎంత గొప్పవాడన్న చర్చ రహీమ్‌గారు పెట్టలేదు. ఈ తలతో వెనక ఆడటం కష్టం, మరి ఎక్కడ ఆడగలడని ఆలోచించి, ముందు వరసలోకి పంపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోలు కొట్టాడు, మనకి బంగారు పతకం వచ్చింది. కుట్లతో ఆడించడం సరైందేనా అని ఇవాళ్టి డాక్టర్లు అడుగుతారు, అడగాలి కూడా. కానీ ప్రశ్న వేసిన తీరు చూడండి. 'గాయం లేకుండా ఉంటే' అని నిట్టూర్చలేదు. 'ఉన్నదానితో ఏం చేద్దాం' అన్నారు.

అభిమానుల వాదన ఆగాలని నేననను. వాదన లేకపోతే ఆటకి రుచేముంది? కాకపోతే లెక్క రాసేటప్పుడు మూడు గడులుంచమంటాను. ఎన్ని రోజులు వచ్చాడు, వచ్చిన రోజు ఎలా ఆడాడు, ఆడినందుకు అతని ఒంటికి ఎంత ఖర్చయింది. మొదటి రెండు గడులూ అందరూ నింపుతున్నారు. మూడోది మైదానంలోనూ ఖాళీయే, వంటింట్లోనూ ఖాళీయే.