రేపు చెబుతాను

సాకేత్ నుంచి కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా దాకా వెళ్తే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఢిల్లీ కేంద్రం వస్తుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు డెబ్బైల్లో పనిచేసిన చోటు. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెప్పుకునే నాకు, ఆయనకు దక్కిన పద్మవిభూషణ్ కన్నా ఒక రాత్రి గొప్పదనిపిస్తుంది.

అప్పటికి ఆయన ఇరవైల్లో ఉన్నారు, కలకత్తాలో పాఠాలు చెబుతున్నారు. పెద్ద శాంపిల్ తీసుకున్నప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దు ఉందని స్టాటిస్టీషియన్ ఫిషర్ చెప్పిన ఫలితాన్ని వివరిస్తుంటే, దండేకర్ అనే విద్యార్థి అడ్డుపడ్డాడు: చిన్న శాంపిల్‌కీ ఇలాంటిది రుజువు చేయలేమా? రావు గారు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చున్నారు. మర్నాడు క్లాసులో రుజువు చూపించారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ఈనాడు ప్రపంచమంతా చదివే క్రామెర్–రావు హద్దు అదే.

గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖ... తండ్రి ఉద్యోగంతో ఊళ్లు మారిన చదువు రావు గారిది. తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లక్ష్మీకాంతమ్మ లేపి, దీపం వెలిగించి కూర్చోబెట్టేదట. ప్రశ్నతో ఒంటరిగా కూర్చునే ఓపిక అక్కడే అలవడిందని నా నమ్మకం.

ఫ్రెంచి గణితవేత్త మారిస్ ఫ్రెషే 1943లోనే ఈ హద్దును చేరుకున్నాడు. అందుకే ఫ్రాన్స్‌లో ఆయన పేరు ముందు పెడతారు. స్వీడన్‌లో క్రామెర్‌ది 1946. యుద్ధపు రోజులు, ఎవరి దారిన వాళ్లు నడిచి ఒకే చోటికి వచ్చారు. ఇందులో రావు గారి ఘనత ఇసుమంతైనా తగ్గదు.

దండేకర్‌లాగే నా క్లాసులో పిల్లలు తరచూ అడిగే ప్రశ్న: మూడు అంకెలుంటే వేరియన్స్‌కి రెండుతో ఎందుకు భాగించాలి? 4, 6, 11 తీసుకోండి. సగటు 7. తేడాలు −3, −1, 4, కలిపితే సున్నా. ఏ రెండు తెలిసినా మూడోది దానంతటదే తేలిపోతుంది. వాటి వర్గాల మొత్తం 26ని అందుకే రెండుతో భాగిస్తాం. సూత్రం బట్టీ పట్టించడం సులువే. కానీ అడిగినవాడి కళ్లలో వెలుగు రావాలంటే ఈ అంకెలు బోర్డు మీద పడాల్సిందే.

2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చేనాటికి రావు గారికి 102 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో వెళ్లిపోయారు.

మొన్న ఒకమ్మాయి అడిగింది: శాంపిల్ పెంచకుండానే అంచనాను మెరుగుపరచవచ్చా? దానికి జవాబుగా, తర్వాత రావు–బ్లాక్‌వెల్ అని పేరొచ్చిన సిద్ధాంతానికి మూలం ఆ 1945 వ్యాసంలోనే ఉంది. సోమవారం అదే పాఠం.