చిటపట జాడ

మైక్‌లో చిటపట వస్తోందంటే మనలో చాలామంది ముందు చేసే పని వైరు పీకి మళ్లీ పెట్టడం. ఒక్కోసారి చప్పుడు ఆగుతుంది కూడా. ఎందుకు ఆగిందో తెలియదు కాబట్టి ఎల్లుండి మళ్లీ మొదలవుతుంది. విశాఖలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఆ పీకడాన్నే ఒప్పుకోరు. “పీకేస్తే సాక్ష్యం పోద్దండీ” అంటారు. ఒకప్పుడు పెళ్లిళ్లకీ నాటకాలకీ మైక్‌సెట్ కట్టిన మనిషి. ఇప్పుడు పడకగది మూలన దుప్పట్లు వేలాడదీసి ఆడియో పుస్తకాలు చదివేవాళ్లు, ఇంట్లోంచే డబ్బింగ్ చెప్పేవాళ్లు ఆయనకి ఫోన్ చేస్తున్నారు. ఆయన పనితనంలో సగం చెవిలోనే ఉంది. స్క్రూడ్రైవర్ సంచిలోంచి బయటికొచ్చేది చాలా ఆలస్యంగా.

నేను దగ్గరుండి చూసింది ఆడియో పుస్తకాలు చదివే ఓ అమ్మాయి ఇంట్లో. ఒక కండెన్సర్ మైక్, చిన్న ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్. “అంకుల్, మైక్ పోయినట్టేనా? కొత్తది కొనాలా?” అని ఆమె కంగారు. “ఉండు తల్లీ, ముందు చప్పుడొచ్చిన రికార్డింగ్ పెట్టు” అన్నారాయన.

హెడ్‌ఫోన్స్‌లో ఓసారి విన్నారు. తర్వాత తెర మీద ఆ చోటుని పెద్దది చేసుకుంటూ పోయారు. సీడీ స్థాయి రికార్డింగ్‌లో సెకనుకి 44,100 చుక్కలు, అంటే శాంపిల్స్, ఉంటాయి. అవి విడివిడిగా కనబడేదాకా ఆగలేదు. అంత దగ్గరికెళ్తే ఒక్కో చిటపటకీ ఒక్కో ముఖం. గొంతు మరీ పెద్దదై ఇంటర్‌ఫేస్ తట్టుకోలేకపోతే అల తల కోసేసినట్టు చదునుగా ఉంటుంది. ల్యాప్‌టాప్ సమయానికి అందుకోలేకపోతే అల నడిమధ్యన తెగుతుంది, లేదా కాసేపు సున్నా దగ్గర గీత గీసినట్టు పడుంటుంది. ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి అందుకునే చుక్కల మూటని బఫర్ అంటారు. ఆ ఖాళీ చాలాసార్లు దాని పొడవుకి సరిపోతుంది: 256 చుక్కల బఫరైతే దాదాపు 5.8 మిల్లీసెకన్లు. రెండు డిజిటల్ పరికరాలు దేని గడియారంతో అది నడుస్తుంటే టిక్కుమనే చప్పుడు లెక్క ప్రకారం వస్తుంది. రెంటికీ పది లక్షల్లో పది వంతుల తేడా ఉన్నా చాలు, సుమారు 2.3 సెకన్లకోసారి ఒక చుక్క అటోయిటో జారుతుంది. ఇక వదులు అతుకు చేసే గొడవకి లెక్కాపత్రం ఉండదు. చిన్నవీ పెద్దవీ ముళ్లు గుంపులు గుంపులుగా, మాట ఉన్నా లేకున్నా.

ఆ రికార్డింగ్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఈ ముళ్లు. రెండోది మెత్తగా, అడుగు నుంచి ‘టప్’ మని వచ్చి మెల్లగా సర్దుకునే గుబ్బలు. ఆయన చెవిని నేను మెచ్చుకునేది ఇక్కడే. వినేవాళ్లకి రెండూ కలిసి ఒకటే చిటపట. రెండు రోగాలకి ఒకటే మందేసి, ఒకటి తగ్గినా రెండోది కనబడగానే మందు పనిచెయ్యలేదనుకునే రోగిలాగే ఈ అమ్మాయి కూడా వారాల తరబడి అన్నీ మార్చి చూసుకుంది.

ల్యాప్‌టాప్ సంగతి చిటికెలో తేల్చేశారు. బఫర్ 128 నుంచి 1024కి పెంచి, వైఫై ఆపి చూశారు. ముళ్లు అలాగే ఉన్నాయి. కాబట్టి దాని తప్పు లేదు. ఎవర్నడిగినా మొదట చెప్పేది బఫర్ గురించే గానీ, ఆయన దాన్ని ల్యాప్‌టాప్ మీది అనుమానం తీసేయడానికే వాడారు.

తర్వాత రికార్డింగ్ నడుస్తుండగానే పెన్సిల్ తీసుకుని కేబుల్ పొడవునా చిన్నగా తడుతూ వచ్చారు. తట్టిన ప్రతిచోటా గట్టిగా పేరు చెప్పారు: “మైక్ కొస... నడుమ... పెట్టె కొస.” ఆ మాటలూ రికార్డవుతాయి. తర్వాత తెర మీద చూసుకుంటే ఏ మాట పక్కన ముళ్లు లేచాయో అక్కడే జబ్బు. మైక్ కొస దగ్గర అల మొత్తం ముళ్లకంపే.

“కానీ అంకుల్, ఇదే కేబుల్‌కి నా పాత డైనమిక్ మైక్ పెడితే చప్పుడే రాదు కదా!” అంది ఆమె. మంచి ప్రశ్న. మైక్ పోయిందని ఆమె తేల్చుకున్నది కూడా అందుకే. కండెన్సర్ మైక్‌కి ఇంటర్‌ఫేస్ 48 వోల్టుల ఫాంటమ్ పవర్ పంపిస్తుంది. 6.8 కిలో ఓముల రెసిస్టర్లు రెండింటి గుండా, గొంతు తిరిగొచ్చే ఆ రెండు తీగల మీదే. అతుకు వదులైతే దాని అడ్డు క్షణక్షణం మారుతుంది, కరెంటు ఎగుడుదిగుడవుతుంది, దాన్నే ఇంటర్‌ఫేస్ గొంతుతో పాటు పెంచి వినిపిస్తుంది. డైనమిక్ మైక్‌కి ఆ కరెంటుతో పనిలేదు. అతుకు అంతే వదులుగా ఉన్నా నోరు మూసుకుని ఉంటుంది.

ఫాంటమ్ ఆపి, అర నిమిషం ఆగి, అప్పుడు కేబుల్ ఊడదీశారు. మైక్‌సెట్ వాళ్లు క్యానన్ పిన్ అనే ఆ ఎక్స్‌ఎల్‌ఆర్ తల మరలు తిప్పి తొడుగు వెనక్కి లాగారు. లోపల మూడు గిన్నెల్లాంటి కాళ్లు: ఒకటో నంబరుకి జల్లెడ వైరు, రెండు మూడింటికి గొంతు మోసే తీగలు. రెండో కాలి మీది సోల్డర్ మెరుపు లేకుండా, ఇసక చల్లినట్టుంది. తీగ దాని మీద కూర్చుంది గానీ దాన్లో కలవలేదు. ఎవరో తొక్కు మరీ ఎక్కువ ఒలిచారు. ఆ ఖాళీలో జల్లెడ వైరు పోగొకటి బయటికొచ్చి రెండో కాలికి వెంట్రుకవాసిలో ఆగింది. కేబుల్ నడుం పట్టుకోవాల్సిన బిగింపు దాన్ని పట్టుకోనే లేదు. లాగుడంతా అతుకు మీదే పడింది.

ఆ పాత అతుకుని బాగుచెయ్యకుండా కోసేశారు. జల్లెడ పోగులన్నీ ఒకటిగా మెలేసి, దాని మీద సన్నని గొట్టం తొడిగి వేడికి బిగించారు. తీగలకి ముందే సోల్డర్ పూశారు. సోల్డర్ పెట్టేముందు ఆ తలని ఇంకో ఎక్స్‌ఎల్‌ఆర్ తలకి తగిలించి పెట్టుకున్నారు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే కాళ్లు పక్కకి ఒరుగుతాయి. జోడు తల వాటిని నిటారుగా పట్టుకుంటుంది. వాడింది 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న సోల్డర్. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60-40ది గట్టిపడేముందు కాసేపు ముద్దగా ఉంటుంది. అప్పుడు చెయ్యి కదిలితే మళ్లీ అదే ఇసక. గిన్నె నిండా సోల్డర్ కరిగించి, తీగ దించి, సోల్డరింగ్ ఐరన్ తీసి, గట్టిపడేదాకా చెయ్యి కదపలేదు. ఆ మెరుపు చూసి నాకే ముచ్చటేసింది. తర్వాత రెండో కొస కూడా విప్పారు. దానికి ఏ జబ్బూ లేదు, కానీ చేసిన చెయ్యి ఒకటే కదా అన్నారు. దానికి డబ్బు తీసుకోలేదు. నేనైతే తీసుకునేవాణ్ణి.

ముళ్లు పోయాయి. గుబ్బలు మిగిలాయి.

అది సముద్రపు గాలి చేసే పని. కండెన్సర్ మైక్ గుండెలో కొన్ని మైక్రాన్ల మందం పొర ఒకటి విద్యుదావేశం మీద బతుకుతుంది. దాన్ని కాపాడే రెసిస్టర్ వంద కోట్ల ఓముల స్థాయిది. అంత పెద్ద అడ్డు పక్కన, తేమ పొర ఆవేశం కారిపోవడానికి సులువైన దారి; కారినప్పుడల్లా ఓ ‘టప్’. ఏసీలో చల్లబడ్డ మైక్ దగ్గర ఆ అమ్మాయి పొద్దున్నే కిటికీలు తీసేస్తోంది, పైగా గ్రిల్లుకి మూతి ఆనించినంత దగ్గరగా చదువుతోంది. ఆయన గ్రిల్లు విప్పలేదు. “అక్కడ నా చెయ్యి పెట్టనమ్మా” అన్నారు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో రాత్రంతా పెట్టమన్నారు, మధ్యలో పాప్ ఫిల్టర్ పెట్టుకుని జానెడు దూరంలో చదవమన్నారు. సినిమా వాళ్లు అవుట్‌డోర్‌లో సెన్‌హైజర్ ఎంకేహెచ్ మైకులు వాడటానికి ఒక కారణం ఇదే: వాటి సర్క్యూట్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది, అంత పెద్ద అడ్డుతో పనిలేదు, తేమకి తొణకవు. ధర మాత్రం వేరే కథ.

వెళ్లబోతూ మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. చాలా సన్నగా ఓ జుమ్ము. తెర మీద చూస్తే సరిగ్గా 10 మిల్లీసెకన్లకో సూది. అంటే సెకనుకి వంద, మన 50 హెర్ట్జ్ కరెంటుకి రెట్టింపు. గదిలో ఫ్యాన్ ఆపే ఉంది. లేచి హాల్లోకెళ్లారు. అక్కడ ఆమె నాన్నగారు పేపర్ చదువుకుంటున్నారు. పైన ఫ్యాన్, గోడకి గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. అది కరెంటు అలని సెకనుకి వందసార్లు కోసి వేగం తగ్గిస్తుంది. ఆ కోతే ఇక్కడి సూదులు. కెపాసిటర్లతో చేసిన మెట్ల రెగ్యులేటర్ పెట్టిస్తే ఆ బాధ ఉండదు, అందాకా ఫుల్‌లో పెడితే కోత దాదాపు ఉండదు అని చెప్పి, తనే ఫుల్‌కి తిప్పేశారు. నాన్నగారు పేపర్ మడిచి దుప్పటి కోసం లేచారు.