జానపద చలనచిత్రములందలి అతిశయము

పలనాటిలో మాచర్లకు సమీపమున చంద్రవంక దాదాపు 70 అడుగుల యెత్తునుండి దుముకు తావునకు ఎత్తిపోతల యని పేరు. ఎత్తునుండి పడు నీరనిన ఆ పేరునకు అర్థము సరిపోవును. జనులకు అది చాలలేదు. యతులు తపస్సు చేసిన చోటగుటచే ‘యతి తపో తలము’ ఎత్తిపోతల యైనదని చెప్పుకొందురు. ఈ వ్యుత్పత్తి శాస్త్రపరీక్షకు నిలువకపోవచ్చును గాని, దానిని కల్పించిన మనస్సు మనకు ముఖ్యము. కంటి యెదుటనున్న వింతకు మరియొక అద్భుతమును చేర్చినగాని అది తృప్తి నొందదు. కారెంపూడిలో వీరవిద్యావంతుల నోట పలనాటి వీరగాథను వినినదియు, డేరా సినిమాలలో మాంత్రికులను చూచి మురిసినదియు ఈ మనస్సే.

జానపద చిత్రములను ‘అతి’ యను నొక్క మాటతో త్రోసివేయుట విమర్శకులకు అలవాటైనది. ఆ అతిలో తారతమ్యములు గలవనియు, అందు కొంత కథాధర్మమనియు, కొంత మాత్రమే దోషమనియు మా యభిప్రాయము.

కె. వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’కి మూలము మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’. అందు మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము మాయను మాయగా తెలియనీయదు. బి. విఠలాచార్య (1920–1999) మార్గము వేరు. ఉడుపి ప్రాంతమునుండి వచ్చిన యీ కన్నడిగుడు ‘అగ్గిపిడుగు’ (1964), ‘లక్ష్మీకటాక్షం’ (1970), ‘జగన్మోహిని’ (1978) మొదలగు చిత్రములతో తెలుగువారిచే ‘జానపద బ్రహ్మ’ యనిపించుకొనెను. కెమేరాను ఆపి, వస్తువును మార్చి, మరల నడుపుట. ఒకే ఫిల్ముపై రెండు బింబములను పట్టుట — ఇట్టివి ఆయన సాధనములు. అతుకు ప్రేక్షకునకు కనబడును. కనబడినను ఆనందము చెడదు. ‘ఎట్లు చేసిరో’ యను కుతూహలము ‘ఏమి జరుగునో’ యను కుతూహలముతో కలిసి సాగును.

‘జగన్మోహిని’లో దయ్యము కట్టెలకు మారుగా తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేయును. బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతుడు చెప్పెను. ఇచట పుట్టిన భయము నిలువక హాస్యమగుచున్నది. దీనిని రసభంగమనుట తొందరపాటు. పొయ్యి, గిన్నె, వంట — అన్నియు మన యింటివే. మారినది కట్టె యొక్కటియే. సామాన్యమును చెదరనీయక ఒక్కచోట మాత్రమే నియమమును తప్పించుటచే ఆ అతిశయము బాలురకును బోధపడుచున్నది. క్షేమేంద్రుడు చెప్పిన యౌచిత్యము ఇట్టి కథలకును గలదు. అయితే అది లోకనియమమును బట్టి గాక, కథ తనకు తాను విధించుకొనిన నియమమును బట్టి యేర్పడును.

ఆ నియమమునకు విరుద్ధమైనదియు ఈ చిత్రముననే కలదు. జయమాలిని నృత్యములందు కెమేరా దేహప్రదర్శనమునకై నిలిచినపుడు కథ ఆగిపోవును. మోహిని మోహింపజేయవలదా యని కొంద రనవచ్చును. మోహింపవలసినవాడు కథలోని నాయకుడు. ఆ కెమేరా వెదకునది టిక్కెట్టు కొన్నవానిని. మొదటిది ఊహకు చెందిన అతి. రెండవది వ్యాపారమునకు చెందిన అతి.

ఈ చిక్కు తెలుగునకు మాత్రమే పరిమితము కాదు. భారతీయుడగు బి. ఎన్. రావు 1957లో సింగపూరున మలయు భాషలో తీసిన ‘పోంటియానక్’, 1981 నాటి ఇండోనేషియా చిత్రము ‘మిస్టిక్స్ ఇన్ బాలి’ — ఈ రెండును పల్లెల దయ్యపు కథలనే తెరకెక్కించినవి. రెండవదానిలో తల మొండెమును వీడి ప్రేవులతో ఆకాశమున తిరుగును. జుగుప్స గొల్పు నీ కల్పన దర్శకునిది కాదు, బాలిద్వీపపు జనశ్రుతిది. పరులు దీనిని వింతవస్తువుగా చూచి నవ్వుదురు; ఆ కథ ఎరిగిన ఊరివారి నవ్వు వేరు.

కాశీమజిలీ కథలను సాహిత్యముగా పరిశీలించు మనము, ఆ సంప్రదాయము తెరపై పొందిన పరిణామమును విడిచిపెట్టుట న్యాయము గాదు. అట్లని ప్రజాదరణమే ప్రమాణమని మేము చెప్పుట లేదు. ప్రతి సన్నివేశమునందును అతిశయము కథనుండి పుట్టినదా, కథను ఆపి వచ్చినదా యని అడుగవలెను. ఈ ప్రశ్నతో చూచినచో విఠలాచార్య చిత్రములలో త్రోసివేయవలసినది కొంత దొరకును. దాచుకొనవలసినది అంతకంటె ఎక్కువగా దొరకును.