వెంకటేశం చదువూ - మన పిల్లల ఇంగ్లీషూ

కన్యాశుల్కం అనగానే గిరీశం మాటకారితనం, మధురవాణి తెలివీ గుర్తుకొస్తాయి. ఆ నాటకంలో ఇంగ్లీషు చదువును గూర్చిన విమర్శ కూడా వున్నది. గంగాలిన్‌లో పిల్లల్ని కాలేజీకి పంపబోతున్న మనకు అది సూటిగానే తగులుతుందని మా అభిప్రాయం.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకాన్ని గురజాడ 1897లో అచ్చువేయించారు. బాగా మార్చి, పెంచి 1909లో మళ్ళీ ప్రకటించారు. అందులో వెంకటేశం పరీక్ష తప్పిన కుర్రవాడు. సెలవుల్లో చదువు చెప్పే నెపంతో గిరీశం అతని వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. మీరిద్దరూ ఇంగ్లీషు మాట్లాడుకుంటే వినాలని వుందని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులు నోటికొచ్చిన పద్యం ముక్కలూ, పాఠం ముక్కలూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆ తల్లికి అంతటితోనే కడుపు నిండిపోతుంది.

ఈ ఘట్టాన్ని హాస్యమని నవ్వుకుని వదిలేస్తుంటాం. కాని గురజాడ ఎత్తి చూపింది వెంకమ్మ అమాయకత్వాన్ని మాత్రమే కాదు. ఇంగ్లీషును చెవితో కొలిచే కొలబద్దను. ఇంగ్లీషు రాని ఆమెకు మరో కొలబద్ద లేదు. డిగ్రీలున్న మనం కూడా ఆ కొలబద్దనే పట్టుకుంటే ఎవర్ని చూసి నవ్వాలి?

వలసవచ్చిన రెండేళ్ళకు పిల్లవాడు ఇక్కడి యాసలో గలగలా మాట్లాడితే "వాడి ఇంగ్లీషుకేం, దివ్యంగా వుంది" అనుకుంటాం. ఆటస్థలపు భాష వేరు, చదువుకు కావలసిన భాష వేరు అని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979లో విడదీసి చూపారు. మొదటిది సుమారు రెండేళ్ళలో పట్టుబడుతుంది. రెండోదానిలో తోటివారిని అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని ఆయన పరిశీలనల సారం.

మన రాజధాని ప్రాంతంలో కాలేజీ అంటే 11, 12 తరగతులు. 2011లో తెరిచిన గంగాలిన్ కాలేజీ అటువంటిదే. మన ఇంటర్మీడియట్‌లాగా ప్రతి సబ్జెక్టుకూ చివర పబ్లిక్ పరీక్ష వుండదు. రెండేళ్ళ పొడుగునా రాసిన వ్యాసాలూ, చేసిన ప్రసంగాలూ లెక్కకు వస్తాయి. యూనివర్సిటీ ప్రవేశానికి ఏటార్ ర్యాంకు కోరేవారు ఏఎస్‌టీ అనే పరీక్ష కూడా రాయాలి. అందులో యిచ్చిన సామగ్రిని చదివి, సొంత వాదం నిలబెడుతూ వ్యాసం రాయవలసి వుంటుంది. కంఠస్థం అక్కడ పనికిరాదు.

ఇంగ్లీషును అదనపు భాషగా చదివే కోర్సు ఒకటి వున్నది. "మావాడికి అదెందుకు?" అని చిన్నతనంగా భావించేవారు మనలో లేకపోలేదు. యూనివర్సిటీ స్థాయిలో తీసుకుంటే అదీ ఏటార్ లెక్కలోకి వచ్చే కోర్సే. అర్హత వుండీ పరువు కోసం వద్దనడం వెంకమ్మ ముచ్చటకు మరో రూపం.

గిరీశం పక్షాన ఒక మాట చెప్పాలి. అతడు కుర్రవాడికి బెరుకు పోగొట్టాడు. అది చిన్న మేలేం కాదు, కాని అంతటితో ఆగిపోయాడు.

అలాగని గురజాడ ఇంగ్లీషును వెక్కిరించారనుకుంటే పొరపాటు. ఆయన 1883లో సారంగధర కావ్యాన్ని ఇంగ్లీషులోనే రాసి, కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెప్పు పొందారు. తెలుగులో రాయమని సలహా యిచ్చిందీ ఆ ముఖర్జీయే. తర్వాత ఆయన తెలుగు నాటకం రాసి, దానికి ముందుమాట ఇంగ్లీషులో రాశారు. రెండు భాషల్లోనూ ఆలోచించగలవాడు గనుకనే ఒట్టి శబ్దాన్ని పసికట్టారు.

మనం చేయగలిగింది కష్టమైనదేమీ కాదు. కాన్‌బెరా టైమ్స్ సంపాదకీయం ఒకటి పిల్లలచేత చదివించి మూడు ప్రశ్నలు అడుగుదాం: రాసినాయన ఏమంటున్నాడు? దానికి ఆధారమేమిటి? నువ్వెక్కడ ఒప్పుకోవు? జవాబు తెలుగులో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా సరే. ఆలోచన ఒక భాషలో పదునెక్కితే రెండోదానికీ అక్కరకొస్తుంది. జవాబు రాకపోతే యాస ఎంత చక్కగా వున్నా కాలేజీకి యింకా సిద్ధం కాలేదన్నమాట. ఆ సంగతి పదకొండో తరగతిలో మార్కులు చూశాక కాక, ఎనిమిదిలోనే తెలుసుకోవడం మేలు.