అనంతం ఎదురైనచోట

రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఈ రెండు నదుల ఒడ్లు ఎంత పొడవు? కిలోమీటరు కొలతతో ఒక లెక్క వస్తుంది. మీటరు బద్ద పట్టుకుని ప్రతి ఒంపూ తిరిగితే అంతకు మించి వస్తుంది. జానెడు పుల్లతో రాయి రాయినీ చుట్టి కొలిస్తే ఇంకా పెరుగుతుంది. పుల్ల చిన్నదయ్యే కొద్దీ పొడవుకు అంతు ఉండదు. కానీ రెండు ఒడ్లనూ ఒకే బద్దతో కొలిస్తే ఏది పెద్దదో, ఎంత పెద్దదో చెప్పగలం. క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలో లెక్కలు అనంతంలోకి జారిపోయే చిక్కును, డైవర్జెన్సును, భౌతికవేత్తలు దాటిన దారి దాదాపు ఇదే.

ఎలక్ట్రాన్ ఫోటాన్లను వదిలి, మళ్లీ తానే పీల్చుకుంటూ ఉంటుంది. ఆ ఫోటాన్ల శక్తికి పై హద్దు లేదు. అన్నిటినీ కూడితే ఎలక్ట్రాన్ ద్రవ్యరాశే అనంతమవుతుంది. పరమాణువులోని శక్తి స్థాయిలు కూడా అనంతంగా జరిగిపోవాలని 1930లో ఓపెన్‌హైమర్ లెక్కలో తేలింది. సిద్ధాంతమే తప్పేమోనని చాలామంది అనుకున్నారు.

1947లో లాంబ్, రెథర్‌ఫర్డ్ హైడ్రోజన్‌ను పరీక్షించారు. డిరాక్ సమీకరణం ప్రకారం సమాన శక్తి ఉండాల్సిన రెండు స్థాయిల మధ్య సుమారు వెయ్యి మెగాహెర్ట్జ్ తేడా కనిపించింది. జూన్‌లో షెల్టర్ ద్వీపంలో భౌతికవేత్తలు సమావేశమై దీన్ని చర్చించారు. అది ముగిశాక హాన్స్ బేతే న్యూయార్క్ నుంచి స్కెనెక్టడీకి రైల్లో వెళ్తూ కాగితం తీశాడు. పరమాణువులో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌కు ఒక అనంతం వస్తుంది, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్‌కూ ఒకటి వస్తుంది. రెండోది మనం తూచి తెలుసుకున్న ద్రవ్యరాశిలో ముందే కలిసి ఉంది, కాబట్టి దాన్ని మొదటి దానిలోంచి తీసేయాలి. మిగిలినది చాలా నెమ్మదిగా పెరిగే లాగరిథం. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి సరిపడే శక్తి దగ్గర దాన్ని ఆపితే 1040 మెగాహెర్ట్జ్ వచ్చింది! ఈ శాస్త్ర చరిత్రలో ఇంత చిన్న లెక్క ఇంత పెద్ద తలుపు తెరిచిన సందర్భం నాకు మరొకటి తోచదు.

ష్వింగర్, ఫైన్‌మన్, టొమొనాగా, డైసన్ దీన్ని పూర్తి పద్ధతిగా మలిచారు. ముందు శక్తికి ఒక హద్దు పెట్టి లెక్కను అదుపులోకి తేవాలి. ఇది రెగ్యులరైజేషన్. తర్వాత హద్దుపై ఆధారపడే భాగాలను, ప్రయోగంలో కొలిచిన ద్రవ్యరాశిలో, విద్యుదావేశంలో కలిపేయాలి. ఇది రీనార్మలైజేషన్. చివరికి హద్దు తీసేసినా జవాబు నిలవాలి. 1972లో హూఫ్ట్, వెల్ట్‌మన్ హద్దుకు బదులు స్థలకాలపు మితుల (డైమెన్షన్ల) సంఖ్యనే నాలుగు కంటే కొద్దిగా తగ్గించి లెక్క వేసే ఉపాయం ప్రచురించారు. నేటి పరిశోధకులు ఎక్కువగా వాడేది అదే.

డిరాక్‌కు రీనార్మలైజేషన్ చివరిదాకా నచ్చలేదు. ఉపేక్షించవలసినది చిన్న రాశిని గానీ అనంతాన్ని కాదన్న ఆయన అభ్యంతరం గౌరవించదగ్గది. దానికి తగిన జవాబు 1970ల మొదట్లో కెన్నెత్ విల్సన్ ఇచ్చాడని నా నమ్మకం. ఏ స్థాయిలో చూస్తున్నామో చెప్పకుండా విద్యుదావేశం ఇంత అనడానికి వీల్లేదు. తక్కువ శక్తుల దగ్గర విద్యుదయస్కాంత బలపు స్థిరాంకం సుమారు 1/137. జెడ్ బోసాన్ అనే భారీ కణం ద్రవ్యరాశి దగ్గర సుమారు 1/128. అంటే మనం పారేసింది అనంతాన్ని కాదు, మనకు అందని సూక్ష్మస్థాయి వివరాలను. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం విషయంలో సిద్ధాంతం, ప్రయోగం దాదాపు లక్ష కోట్లలో ఒక పాలు వరకు ఏకీభవిస్తున్నాయి.

ఈ విద్య మన దక్షిణాదిలో పాతుకోవడానికి నెల్లూరు జిల్లా మూలాలున్న అల్లాడి కుటుంబం ఇల్లు చోటిచ్చింది. ప్రిన్స్‌టన్ నుంచి తిరిగొచ్చిన అల్లాడి రామకృష్ణన్ మద్రాసులోని తమ ‘ఏకామ్ర నివాస్’లో విద్యార్థులను కూర్చోబెట్టి సైద్ధాంతిక భౌతికశాస్త్ర సెమినార్ నడిపారు. 1960లో నీల్స్ బోర్ వచ్చి చూశారు. ఆ సెమినార్‌కు కొనసాగింపుగా 1962 జనవరి 3న గణిత శాస్త్రాల సంస్థ మొదలైంది.

గురుత్వాకర్షణ దగ్గర మాత్రం రీనార్మలైజేషన్ పద్ధతి చతికిలబడుతుంది. మెట్టు మెట్టుకూ కొత్త స్థిరాంకాలు పుట్టుకొస్తాయి, అన్నిటినీ కొలవడం అసాధ్యం. అయినా విల్సన్ చూపు అక్కడా పనికొచ్చింది. ఆ స్థిరాంకాలతో పని లేకుండానే, దూరంగా ఉన్న రెండు ద్రవ్యరాశుల మధ్య న్యూటన్ సూత్రానికి క్వాంటం సవరణను లెక్కించవచ్చని 1994లో జాన్ డోనహ్యూ చూపాడు. ఆ సవరణ ఎంత చిన్నదంటే, దాన్ని పట్టగల పరికరం ఇప్పటికీ లేదు.