అప్రధానార్థక విశేషణముల యాంధ్రీకరణము: విమర్శ

ప్రధానము కానిదానిని, ప్రధానమునకు తోడ్పడుదానిని దెలుపు విశేషణములు ఇంగ్లీషునందు పెక్కు గలవు. సెకండరీ, సబార్డినేట్, సబ్సిడియరీ, ఆగ్జిలియరీ, యాన్సిలరీ, యాక్సెసరీ, సప్లిమెంటరీ యనునవి వానిలో ముఖ్యములు. తెలుగున వీనికి చాలవరకు ‘ఉప’, ‘అనుబంధ’ యను రెండు శబ్దములతోనే పని జరుగుచున్నది. ఒక కంపెనీ యధీనమందలి వేఱొక కంపెనీ అనుబంధసంస్థ. విశ్వవిద్యాలయపు గుర్తింపు గల కళాశాల అనుబంధకళాశాల. కర్మాగారమునకు విడిభాగములు చేసియిచ్చునది అనుబంధపరిశ్రమ. శాసనసభలో మొదటి ప్రశ్నమీద అడుగునది అనుబంధప్రశ్న. గ్రంథాంతమందలి పట్టిక అనుబంధము. సంబంధము లైదు, పేరొక్కటి. ఇది భాషకు లాఘవమా, లోపమా యనునది విచార్యము.

పై యింగ్లీషుపదములన్నియు లాటినుమూలములు గలవి. సెకండరీకి మూలార్థము వెంట వచ్చుట. అందు క్రమము ప్రధానము. సబార్డినేట్ అనగా క్రింది వరుసయందుంచబడినది. అందు స్థానము ప్రధానము. సబ్సిడియరీకి మూలమైన శబ్దము యుద్ధమున వెనుక నిలిపియుంచిన సేనకు పేరు. దానినుండి సహాయమను నర్థము వచ్చినది. ఆగ్జిలియరీయందును సహాయమే యర్థము. యాన్సిలరీకి మూలము దాసీవాచకము. అందు సేవ తెలియును. యాక్సెసరీ వచ్చి చేరినది. సప్లిమెంటరీ వెలితిని పూరించునది. క్రమము, స్థానము, సహాయము, సేవ, చేరిక, పూరణము అని యీ భావములు వేఱువేఱు. వీనిలో తక్కువదనమును ముఖ్యార్థముగా జెప్పునది సబార్డినేట్ ఒక్కటియే. సెకండరీ శబ్దము క్రమార్థమునుండి అప్రధానార్థమునకు జారినది. అయినను సెకండరీ విద్యను మాధ్యమికవిద్య యని తెలిగించినవారు, ఇచట ప్రాథమికమునకును ఉన్నతమునకును నడిమిస్థానము వివక్షితమని గ్రహించి, ఉచితమైన పదమునే కూర్చిరి.

‘ఉప’ శబ్దమే తక్కువదనమును జెప్పునని కొందఱి తలంపు. ఇది పూర్ణసత్యము గాదు. అవ్యయీభావమున ఉపకుంభమనగా కుంభసమీపము. ఉపనయనమునందును సమీపమునకు గొనిపోవుటయే యర్థము. ఉపాధ్యాయశబ్దమును విని, వేఱొక పెద్ద యధ్యాయుడుండగా ఇతడు వానికి తక్కువవాడని యెవ్వరును తలంపరు. పాణినియు కర్మప్రవచనీయప్రకరణమున ‘ఉప’కు హీనార్థమునే గాక అధికార్థమునుగూడ విధించెను. కాబట్టి ఉపనది, ఉపగ్రహము మున్నగు రూఢపదములను కదల్ప బనిలేదు. క్రొత్త పదములను గూర్చునపుడు మాత్రము ఏ సంబంధము వివక్షితమో విచారింపక ‘ఉప’ను తగిలించుట దోషము.

ప్రకరణమే యర్థమును నిర్ణయించును గదా, ఇంత విభజన మేల యని పూర్వపక్షము. ప్రకరణముగూడ దారితప్పించు ఘట్టములు గలవు. అందొకటి పెద్దారవీడు గల మార్కాపురసీమ చరిత్రకే చెందినది. 1798లో నిజాము ఆలీఖాను ఇంగ్లీషు కంపెనీతో చేసికొన్న సబ్సిడియరీ సంధిని తెలుగు పాఠ్యగ్రంథములు ‘సైన్యసహకారపద్ధతి’లో చేర్చి చెప్పుచున్నవి. ఆ సేన కంపెనీది. దాని వ్యయము నిజాముది. 1800 నాటి సంధిలో, రొక్కమునకు మాఱుగా, మైసూరు యుద్ధములవలన తనకు లభించిన సీమలను నిజాము కంపెనీకి విడిచెను. అవియే దత్తమండలములు. ఈ పడమటిసీమయు అట్లే చేతులు మాఱినది. ‘సహకార’ మనగానే పరస్పరోపకారము స్ఫురించును. వ్యయమెవ్వరిది, భూమి యెవ్వరికి పోయినది అనునది మఱుగుపడును. భరణము చెల్లించి నిలుపుకొన్న సేన గనుక ‘భరణసైన్యసంధి’ యన్నచో విషయము తేటపడియుండెడిది. తరువాత మన్రో ఈ మండలములకు ప్రిన్సిపల్ కలెక్టరు కాగా, అతనిక్రింద సబార్డినేట్ కలెక్టర్లు నియుక్తులైరి. అచట స్థానభేదము నిజమైనది. ‘అధీన’ శబ్దము చాలును. ఈ రెండు విశేషణములకును ఒకే తెలుగుపదము వాడినచో, రాజునకు తోడుగా వచ్చి రాజ్యభాగమును గొన్న సేనయు, పై యధికారి యాజ్ఞకు లోబడిన యుద్యోగియు ఒక్కటే యగుదురు.

తోడ్పడునది అల్పమనుట వ్యాకరణమునందును నిలువదు. ‘చేయగలడు’ అను రూపమున ‘చేయ’ ప్రధానక్రియ, ‘కలడు’ సహాయకక్రియ. చేయగలను, చేయగలవు, చేయగలరు అని పురుషవచనములు మాఱునపుడు ప్రధానక్రియ కదలదు; మార్పంతయు సహాయకమే వహించును. వెలిగొండ పథకము రూపకల్పనయందును ఇట్టిదే కనబడును. పెద్దారవీడు మండలమందలి సుంకేసులయొద్దను, గొట్టిపడియ, కాకర్లలయొద్దను కొండసందులను కట్టలతో మూసి నల్లమలసాగరమును కల్పించుట యందలి యేర్పాటు. శ్రీశైలజలాశయపు నీరు సొరంగములు దాటి ఫీడరు కాలువద్వారా దానికి చేరవలెను. ఫీడరనగా ఆహారమిచ్చునది. దీనిని అనుబంధకాలువ యన్నచో, జలాశయమును నింపునది దానికి తగిలించిన తోకవలె తోచును. పోషకకాలువ యనుట యుక్తము. మార్కాపురపు పలకయు నిట్టిదే: రాయి ప్రధానము, చెక్కచట్రము దానికి రక్షణము, బలపము దానికి పూరకము. బలపము లేనిచో పలక వట్టి రాయి. ఈ రెంటిని అనుబంధవస్తువు లనినచో, ఒకటి కాపాడుటయు ఒకటి పూరించుటయు తెలియరాదు.

ఇట్టి వివేకము మన శాస్త్రములకు క్రొత్తది గాదు. పరప్రయోజనమునకై యుండునది శేషమని మీమాంసకుల నిర్ణయము. అందు హీనత గాదు, పరార్థతయే లక్షణము. నాటకశాస్త్రమున ఆధికారికేతివృత్తమునకు తోడ్పడునది ప్రాసంగికము; అందును దూరము నడచునది పతాక, కొంతమాత్రము నడచునది ప్రకరి. జనవ్యవహారమునందును వాసి తఱుగలేదు. కొలతమీద వేయునది కొసరు. ఒఱగినదానిని నిలుపునది ఊత. పెద్దయూరికి చేరిన పల్లె మజరా. పాలను పెరుగుచేయు చుక్కమజ్జిగ తోడు. కొసరు లేకున్నను కొలత చెల్లును. తోడు లేనిచో పెరుగు లేదు.

కావున స్థానమున తక్కువదానికి అధీనశబ్దమును, సహాయమునకు సహాయకశబ్దమును, వెలితి తీర్చుదానికి పూరకశబ్దమును, పరార్థమైనదానికి అంగశబ్దమును, కేవలము చేర్చబడినదానికి మాత్రమే అనుబంధశబ్దమును వాడుట యుచితము. ఇంగ్లీషువిశేషణమును జూచిన తోడనే నిఘంటువు విప్పుటకు ముందు, ఆ వస్తువు దేనికి, ఏ విధమున తోడ్పడుచున్నదని యడుగవలెను. ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానమే సరియైన తెలుగుపదమునకు దారి చూపును.